వెళ్ళొస్తానని చెప్పని చుట్టం

నా కవిత ఆఖరి పాదం తప్పని నిండు సభలో అన్నారు. రాజమండ్రిలో నెలకోసారి జరిగే మా కవుల సమావేశంలో నేను చదివి కూర్చోగానే ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. తెలుగు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. దుఃఖాన్ని చావింటికొచ్చిన చుట్టంగా చూపించడం బాగుందన్నారు, భాష బాగుందన్నారు. మెచ్చుకోలు అయిపోయాక కళ్ళజోడు సవరించుకుని, "కానీ అమ్మా, చావింటి నుంచి లేచేవాడు వెళ్ళొస్తానంటాడా అండి? ఆమాత్రం ఆచారం తెలియకపోతే ఎలా?" అన్నారు. వెనకాల ఒకరిద్దరు నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆచారం నాకు తెలియదా? గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని. మామూలుగా ఎవరింట్లోంచి బయల్దేరినా మేం 'వెళ్తాను' అనం, 'వెళ్ళొస్తాను' అంటాం. ఇంటివాళ్ళు 'వెళ్ళిరండి' అంటారు. ఎవరైనా పోయిన ఇంట్లో మాత్రం ఆ మాట అనకూడదు. అలాంటి పనిమీద మళ్ళీ ఆ గడప తొక్కాలని ఎవరు కోరుకుంటారు? అందుకని పలకరింపుకి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, చెప్పాపెట్టకుండా లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళు కూడా తలొంచుకునే ఉంటారు.

ఇదంతా ఆయనకి చెప్పచ్చు. నా నోరు మామూలుగా ఊరుకునే నోరు కాదు, కాలేజీలో పిల్లల్నడిగితే చెబుతారు. కానీ ఆ రోజు "తెలుసండి" అని మాత్రం అని కూర్చున్నాను. తెలిసి తెలిసి ఆ పాదం ఎందుకు అలా మార్చానో అక్కడ చెప్పబోతే మధ్యలో ఏడుపొచ్చేసేది. నలుగురి ముందూ ఏడవడం నాకు ఇష్టం ఉండదు.

అసలు ఆ కవిత నేను కోరి రాసింది కాదు. ముందు నెల సమావేశంలో మా కార్యదర్శిగారు గ్రీకు పురాణాల మీద ఉపన్యాసం దంచారు. ఆయనకి ఏడాదికో పిచ్చి పడుతుంది, ఈ ఏడాది గ్రీకుల మీద పడ్డారు. దేవతలు ఒక ఆడదానికి మట్టి జాడీ ఇచ్చి మూత తీయకు అన్నారట, ఆవిడ తీసిందట, మనుషుల కష్టాలన్నీ అందులోంచి ఎగిరొచ్చాయట. ఒక్కో కష్టానికీ ఒక పేరు, ఒక రూపం. ఆ పేర్లు కాగితం ముక్కల మీద రాసి, చుట్టి, స్టీలు గిన్నెలో వేసి తిప్పారు. ఎవరికి ఏ కష్టం వస్తే వాళ్ళు దాన్ని మనిషిగా చేసి వచ్చే నెలకి ఒక కవిత రాసుకురావాలి.

ఒకాయనకి ముసలితనం వచ్చింది. నా పక్కన కూర్చున్నావిడకి ఆకలి వచ్చింది. నేను తీసిన కాగితంలో 'పెంథోస్' అని ఉంది. కింద తెలుగులో, 'దుఃఖం. పోయినవాళ్ళ కోసం ఏడ్చేది' అని ఉంది. ఆ పెంథోస్ అసలు ఆ జాడీలోనే లేడని తర్వాత చదివితే తెలిసింది. కార్యదర్శిగారు చేతికందిన వాళ్ళందరినీ గిన్నెలో పడేశారు.

మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళు అక్కడ కొందరున్నారు. వాళ్ళ ముఖాలు మారిపోయాయి. పక్కనావిడ మెల్లగా, "నా ఆకలి మీరు తీసుకోండి, మీది నేను రాస్తాను" అంది. మంచి మనసుతోనే అంది. కానీ నా మీద ఎవరైనా జాలిపడితే నాకు కోపం వస్తుంది. నాకొచ్చింది నాకు ఉండనివ్వండి అని కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకున్నాను.

మా ఇంటి సంగతి ఏమిటంటే, మా అక్క కూతురు పోయింది. అక్కకి ఒక్కర్తే కూతురు. నాకు పిల్లలు లేరు, కాబట్టి నాకూ అదొక్కర్తే.

అక్కని ఆత్రేయపురంలో ఇచ్చారు. బావగారి వాళ్ళది పూతరేకుల ఇల్లు. అక్క తెలుగు బి.ఏ. చదివి, ఆ ఇంటికి వెళ్ళి, అత్తగారి పక్కన కూర్చుని, పొయ్యి మీద బోర్లించిన కుండకి పిండి పూసి రేకు తీయడం నేర్చుకుంది. నేను ఇంగ్లీషు చదివి, రాజమండ్రిలో లెక్చరర్‌నై, కొవ్వూరులో కాపురం పెట్టాను. పిల్ల డిగ్రీకి మా కాలేజీలోనే చేరింది. రోజూ స్కూటీ మీద ఏటిగట్టు వెంబడి వచ్చి, బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కి, ధవళేశ్వరం మీదుగా కాలేజీకి వచ్చేది. క్లాసులో నన్ను 'మేడమ్' అని అతివినయంగా పిలిచి నవ్వాపుకునేది. బయటికి రాగానే పిన్నీ అని చెయ్యి పట్టుకుని వేలాడేది. నా కవితలు చదివి, "పిన్నీ, ఇందులో ఏమైనా జరుగుతుందా, చివరిదాకా వాన పడుతూనే ఉంటుందా?" అని అడిగేది. హెల్మెట్ పెట్టుకోవే, నెమ్మదిగా వెళ్ళవే అని నేను సతాయిస్తే, దానికి ఒకటే జవాబు. "అలాగేలే." ఏం చెప్పినా అలాగేలే. ఆ మాట వింటే నాకు చిర్రెత్తేది.

ఒకరోజు నా క్లాసులో హాజరు పిలుస్తుంటే దాని నంబరు దగ్గర ఎవరూ పలకలేదు. సినిమాకి చెక్కేసి ఉంటుంది, సాయంత్రం దీని పని చెబుతానని లోపల తిట్టుకుని పాఠం మొదలుపెట్టాను. ఆ పాఠం చెబుతున్నంతసేపూ అది ఏటిగట్టు మీద పడి ఉంది. ఇసుక లారీ. ఇంకేం రాయను.

పెద్ద మనుషులొచ్చారు, చుట్టాలొచ్చారు, దాని స్నేహితులొచ్చారు. అందరూ వచ్చి కూర్చుని, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. పద్ధతి అదే కాబట్టి ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ పద్ధతి ఎప్పుడు ఆపాలో అక్క ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఏడాది తిరిగింది. తిరిగాక కూడా, వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ అనలేక, అలాగే వెళ్ళిపోతున్నారు. మొదట ఎవరు అనాలి? అనడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు. వారం వారం వెళ్ళి, అక్క పక్కన కూర్చుని, దొంగలా లేచి వచ్చేదాన్ని.

అక్క ఆ రోజు నుంచీ రేకు తీయలేదు. పెరట్లో పొయ్యి మీద కుండ బోర్లించింది బోర్లించినట్టే ఉంది, దాని మీద దుమ్ము. మాట కూడా తగ్గిపోయింది. అన్నం తిన్నావా అంటే తిన్నానంటుంది. అంతే. నాకు దుఃఖం ఒకవైపు, అక్క కళ్ళముందే ఇలా ఆరిపోతోందే అన్న భయం ఇంకోవైపు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిన్నప్పటి నుంచీ నేను రాసిన ప్రతి ముక్కా ముందు అక్క చెవిన పడాల్సిందే. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది. బాగున్నచోట "ఊఁ" అనేది. బాగాలేని చోట ఏమీ అనేది కాదు. ఊఁ రాని పాదాన్ని నేను కొట్టేసేదాన్ని. పోట్లాడేదాన్ని, అలిగేదాన్ని, తర్వాత కొట్టేసేదాన్ని. పిల్ల పోయాక అక్క ముందు కాగితం తీసే ధైర్యం చెయ్యలేదు. రాయడమే మానేశాను.

ఇప్పుడీ కాగితం ముక్క వచ్చిపడింది కాబట్టి పెంథోస్ గురించి వెతికాను. ఒక చిన్న కథ దొరికింది. పెద్ద దేవుడు ఒకరోజు అందర్నీ పిలిచి ఎవరి వాటా వాళ్ళకి పంచుతున్నాడట. ఒకరికి పొగడ్తలు, ఒకరికి పండగలు, ఒకరికి భయభక్తులు. పంపకం అంతా అయిపోయాక ఈయన ఆలస్యంగా వచ్చాడట. నాకేమీ లేదా అని అడిగితే, దేవుడికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదట. చివరికి, పోయినవాళ్ళ కోసం కార్చే కన్నీళ్ళు నీవి తీసుకోమన్నాడట. అందుకని ఎవరింట్లో ఆ మర్యాద జరుగుతుందో ఆ ఇంట్లోనే ఆయన ఉండిపోతాడట.

అది చదవగానే నాకు మా పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి లేచిపోయాక వచ్చే చుట్టాలు గుర్తొచ్చారు. బస్సు దొరక్కో, దారి తెలియకో ఆలస్యమై, చెమటలు తుడుచుకుంటూ, తప్పు తమదే అన్నట్టు నిలబడతారు చూశారా, వాళ్ళు. స్టాఫ్‌రూంలో కూర్చుని ఒక్క ఊపులో రాసేశాను. ఏడుస్తూ రాశానని గొప్ప చెప్పను. రాస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. చాలా రోజుల తర్వాత చేతికి పని దొరికినట్టుంది.

ఆయన ఆలస్యంగా వచ్చాడు.
పంపకాలు ముగిశాయి,
ఆఖరి బంతి లేచిపోయింది,
విస్తళ్ళు గోతిలో పడ్డాయి.
"ఏమైనా మిగిలిందాండీ?" అన్నాడు,
గుమ్మం బయటే నిలబడి.
ఏమీ మిగల్లేదు,
గుండిగలు కడిగిన నీళ్ళు తప్ప.
అవే ఆయన దోసిట్లో పోశారు.
అప్పటి నుంచీ
ఎవరి కళ్ళలో నీళ్ళు తిరిగినా
తనని భోజనానికి పిలిచారనుకుంటాడు.

ఇలా మొదలై, ఆయన ఒక ఇంటికి రావడం, అరుగు మీద సర్దుకుని కూర్చోవడం, ఇంటావిడ పక్కనే ఉండిపోవడం అన్నీ రాశాను. ఇక ముగింపు. ఆ ముగింపు నేను అక్క కోసం రాశాను. దుఃఖం ఇక లేచి వెళ్ళిపోవాలి. మళ్ళీ రాకూడదు. నా కోరిక అది, అందులో దాపరికం ఏముంది?

చాలాకాలం కూర్చున్నాడు.
ఇవాళ లేచి చెప్పులు తొడుక్కున్నాడు.
వెళ్ళొస్తానని అనలేదు.
గేటు చప్పుడు కాకుండా వేసి
వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

రాసి, మళ్ళీ చదువుకుని, భలే కుదిరిందే అనుకున్నాను. గ్రీకు దేవుడి చేత మన ఆచారం పాటింపజేశానని మురిసిపోయాను కూడా.

ఆదివారం నాడు ఆత్రేయపురం వెళ్ళాను. ఎండ మండిపోతోంది. అక్క వరండాలో చాప మీద కూర్చుని వత్తులు చేస్తోంది. కవిత ఒకటి రాశాను, వింటావా అని అడిగాను. బావగారు కుర్చీలోంచి నా వైపు భయంగా చూశారు. దేని గురించి అని అక్క అడగలేదు. దూది పక్కన పెట్టి, గోడకి చేరబడి, కళ్ళు మూసుకుంది. అదే ఆ పాత అలవాటు.

చదివాను. గుండిగలు కడిగిన నీళ్ళ దగ్గర అక్క "ఊఁ" అంది.

ఆ ఒక్క ఊఁకి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అక్క తిరిగొచ్చేసింది అనుకున్నాను. గబగబా మిగతాది చదివేశాను. ముగింపు దగ్గర ఎప్పటిలాగే తలెత్తి చూశాను. అక్క ఏమీ అనలేదు. కళ్ళు తెరిచి పెరటివైపు చూస్తోంది.

"ఆయన చేత ఆ మాట అనిపించవే," అంది.

"ఏ మాటక్కా?"

"వెళ్ళొస్తానని."

చావింట్లో ఆ మాట ఎవరంటారక్కా అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"ఎవరూ అనట్లేదు. నాకు తెలుసు. నా గుమ్మంలో ఆ మాట వినపడి ఎన్నాళ్ళయిందో," అంది. వత్తి ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపింది. "ఆ రోజు అది ఆ మాట అందో లేదో నాకు గుర్తు రావట్లేదే. కుండ ముందు కూర్చున్నాను. రేకు లేస్తా ఉంటే తల తిప్పడానికి ఉండదు కదా, మాడిపోద్ది. స్కూటీ చప్పుడు గుర్తుంది. గేటు చప్పుడు గుర్తుంది. రోజూ అనేది, ఆ రోజూ అనే ఉంటది. నేనూ వెళ్ళిరా అనే ఉంటాను. కానీ చెవిలో లేదే. ఎంత వెతుక్కున్నా నా చెవిలో లేదు."

బావగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

"ఇప్పుడు అందరూ రావడం కూడా మానేశారు. నువ్వొక్కదానివి వస్తావు. ఇంక ఈయన. నువ్వు రాశావే, ఈ ఆలస్యంగా వచ్చినాయన. దాని కోసం రోజూ వచ్చేది ఈయనొక్కడే. ఈయన్ని కూడా అలా చెప్పకుండా పంపించెయ్యకే."

అక్కని పట్టుకుని ఏడ్చాను. అక్క ఏడవలేదు, నా వీపు నిమురుతూ కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను ఆయన్ని ఎప్పుడు తరిమేద్దామా అని చూస్తుంటే, అక్క ఆయన్ని దాని తాలూకు చుట్టంగా చూసుకుంటోంది. కూతురి తరఫున వచ్చేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

సాయంత్రం బయల్దేరాను. మోటార్‌సైకిల్ మీద బస్సు దగ్గర దింపుతానని బావగారు ముందు బయటికి వెళ్ళారు. అక్క నాతోపాటు గేటు దాకా వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ వచ్చేది కాదు, చాప మీదే ఉండిపోయేది. గేటు పట్టుకుని నిలబడింది. నేను చెప్పులు తొడుక్కున్నాను, బ్యాగు భుజానికి తగిలించుకున్నాను, వెళ్ళి బండెక్కాను. ఏమీ అనలేదు. వెనక్కి చూడలేదు. ఏడాదికి పైగా పట్టిన అలవాటు.

బస్సులో సీటు దొరకగానే కాగితం తీశాను. అక్క చెప్పినట్టు ముగింపు మార్చాలి కదా. 'వెళ్ళొస్తానని అనలేదు' అన్న పాదం కొట్టేయడానికి పెన్ను పెట్టాను. అప్పుడు తట్టింది. కింద పాదం చదివాను. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఓరి దేవుడా. అక్క గేటు దాకా ఎందుకొచ్చింది? ఆ గేటు పట్టుకుని ఏం వినాలని నిలబడింది? అంత చెప్పించుకుని, అంత ఏడ్చి, నేను చేసొచ్చిన పని ఇదా?

బొబ్బర్లంకలో దిగిపోయాను. కండక్టరు టిక్కెట్టు కొవ్వూరు దాకా ఉంది కదండీ అంటున్నాడు. ఉంటే ఉందిలెండి అన్నాను. ఆత్రేయపురం వెళ్ళే ఆటో ఒకటి నిండా జనంతో ఉంది, డ్రైవరు పక్కన అంచు మీద కూర్చుని వచ్చాను. దారిలో ఆ చోటు వస్తుంది. ఎప్పుడూ అక్కడ కళ్ళు మూసుకునేదాన్ని. ఈసారి మూసుకోలేదు. గట్టు మీద గడ్డి, కింద కాలవలో నీళ్ళు, మామూలుగానే ఉంది.

నేను చేరేసరికి అక్క వరండాలోకి తిరిగి వెళ్ళిపోయింది. వత్తులు పళ్ళెంలో సర్దుతోంది. నన్ను చూసి, ఏం మర్చిపోయావే అని అడిగింది. ఏమీ లేదన్నాను. లోపలికి వెళ్ళలేదు. గేటు బయటే నిలబడ్డాను. చెమటకి జాకెట్టు తడిసిపోయింది, ఆయాసంగా ఉంది. ఆ మాట అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. నోట్లోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"వెళ్ళొస్తానక్కా," అన్నాను.

అక్క చేతిలో పళ్ళెం కింద పెట్టింది. లేచి గేటు దాకా వచ్చింది. నా ముఖంలోకి చూసింది. అలా తిన్నగా నా ముఖంలోకి చూసి ఎంత కాలమైందో.

"ఇంకోసారి అను."

"వెళ్ళొస్తానక్కా."

"ఊఁ," అంది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. నేను కదల్లేదు. లోపల్నుంచి బావగారు వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. అక్క గేటు మీదుగా చెయ్యి చాపి నా జుట్టు చెవి వెనక్కి సర్దింది. స్కూటీ మీద వెళ్ళేముందు ఆ పిల్లకి సర్దేది అలా.

"జాగ్రత్తగా వెళ్ళిరా తల్లీ," అంది.

మా అక్క నన్ను జన్మలో ఎప్పుడూ తల్లీ అనలేదు. ఏమే అంటుంది, ఒసేయ్ అంటుంది, కోపం వస్తే లెక్చరరమ్మా అంటుంది. ఆ పిలుపు నాది కాదు. అది ఎవరిదో ముగ్గురికీ తెలుసు. అక్క చెయ్యి ఇంకా నా చెవి దగ్గరే ఉంది, జవాబు కోసం చూస్తోంది.

"అలాగేలే," అన్నాను.